పాత కారు కొనుగోలు – ఐబు, ధర, బాధ్యత

కొనువానికి తెలియని సంగతి అమ్మువానికి తెలిసియున్నప్పుడు ధర ఎట్లు నిర్ణయమగును? అర్థశాస్త్ర గ్రంథములలో గిరాకి గీత, సరఫరా గీత ఒకదానినొకటి ఖండించుకొనుచోట వ్యవహారము ముగియును. ఆ గీతల వెనుక, సరకు మంచిచెడ్డలు ఇరువురికిని సమానముగా తెలియునను ఊహ దాగియున్నది. పుస్తకము, పలక, కుర్చీ వంటి వాటి విషయమున ఆ ఊహ కొంతవరకు చెల్లును. పాత మోటారు కారు విషయమున బొత్తిగా చెల్లదు. తార్నాక వీధులలోను, హబ్సిగూడ, సీతాఫల్‌మండి మార్గములలోను వెనుక అద్దమునకు అమ్మకపు కాగితము తగిలించుకొని నిలిచిన కార్లను మనము చూచుచునే యున్నాము. పైన రంగు నిగనిగలాడుచుండును. లోన ఏమున్నదో యజమానికి, అతని మిస్త్రీకి, ఆపైన భగవంతునికి తెలియును.

మన విద్యార్థులలో పలువురు కొద్ది సంవత్సరములలో ఉద్యోగములలో ప్రవేశించి మొదటి కారు కొనువారే. ఆ మొదటి కారు చాలమందికి పాత కారే అగును. కావున ఈ వ్యవహారమునకు సంబంధించిన అర్థశాస్త్రమును, న్యాయమును, కొంత యంత్రజ్ఞానమును కలిపి ఇచట పరిశీలింపదలచినాము.

ఒకప్పటి స్థితి వేరు. స్వాతంత్ర్యానంతరము చాలకాలము వరకు మన దేశమున కారు కొనదలచినవారికి ముఖ్యముగా మూడే తెరగులు: హిందుస్తాన్ మోటార్సు వారి అంబాసిడరు, బొంబాయి ప్రీమియర్ ఆటోమొబైల్సు వారి ఫియట్టు, మద్రాసు స్టాండర్డు మోటార్సు వారి హెరాల్డు. ఫియట్టే పిమ్మట ప్రీమియర్ పద్మిని అయినది. డబ్బు కట్టి పేరు నమోదు చేయించుకొని సంవత్సరముల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. 1959 నాటి నియంత్రణ ఉత్తర్వు ప్రకారము కార్ల పంపిణీ ప్రభుత్వపు అదుపులో నుండెడిది. కొన్న కారును కొంతకాలము వరకు ఇతరులకు అమ్ముటకు కూడ స్వేచ్ఛ లేదు. దీని ఫలితము వింతయైనది. గడువు తీరిన ఫియట్టును బయట అమ్మినచో కొన్న వెలకంటె మిన్నగా పలికెడిది. పాతది కొత్తదానికంటె ప్రియమైన సరకు లోకమున అరుదు! పురాతన వస్తువుల సంగతి వేరనుకొనుడు. ఆ రోజులలో కొనువాడు లోపములను గూర్చి అంతగా విచారించెడివాడు కాడు. కారు దొరకుటయే భాగ్యము. పైగా ఆ యంత్రములు సులభమైనవి. స్పానరు పట్టిన ప్రతి ఉస్తాదుకును వాటి నాడి తెలియును; విడిభాగములు రాణీగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో దొరకెడివి.

1983 డిసెంబరు 14వ తేదీన మారుతి 800 మొదటి బండ్లు కొనుగోలుదారుల చేతికి అందినవి. 1991 నాటి ఆర్థిక సంస్కరణల తరువాత విదేశీ సంస్థలు వచ్చినవి. నిరీక్షణల పట్టీలు మాసిపోయినవి. 2014లో, జనవరిలో మారుతి 800, మే నెలలో అంబాసిడరు, రెండింటి ఉత్పత్తియు నిలిచిపోయినది. కొత్త కారు అంగడి నుండి వీధిలోనికి వచ్చిన క్షణము నుండియే దాని వెల తగ్గుట ఆరంభించు కాలము వచ్చినది. అప్పుడు గాని పాత కారులోని లోపము కొనువానికి ప్రధాన సమస్య కాలేదు.

ఈ వెల తగ్గుట ఏల? నిన్న కొన్న కారు నేడు అంత చెడిపోవునా? ఈ చిన్న ప్రశ్నను పట్టుకొని జార్జి ఎకర్లాఫ్ అను అమెరికా ఆర్థికవేత్త 1970లో ఒక వ్యాసము ప్రకటించెను. చెడిపోయిన కారును ఆ దేశపు వాడుకలో 'నిమ్మకాయ' అందురు. వ్యాసము పేరులోనే ఆ మాట కలదు. దానిని అంతకుముందు మూడు పత్రికలు తిరస్కరించినవి. 2001లో ఆయనకు మరి ఇరువురితో పాటు నోబెల్ బహుమానము లభించుటకు ఆ వ్యాసమే ముఖ్యకారణమైనది. పరీక్షలలో తప్పిన విద్యార్థులు ఈ వృత్తాంతమును గుర్తుంచుకొనవచ్చును.

ఆయన వాదమును మన రూపాయలలో చెప్పుకొందము. ఊరిలో అమ్మకమునకు వచ్చు కార్లలో సగము మంచివి, సగము చెడ్డవి అనుకొందము. మంచి కారు కొనువానికి 2,00,000 రూపాయల విలువ చేయును. దాని యజమాని 1,80,000కు తక్కువ ఇయ్యడు. చెడ్డ కారు కొనువానికి 1,00,000 విలువ. యజమాని 80,000కే ఇచ్చివేయును. ఏది ఏదో తెలియని కొనుగోలుదారు సగటు చూచుకొని 1,50,000 కంటె ఎక్కువ ఇయ్యడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మక, ఇంటనే ఉంచుకొనును. ఇక అంగడిలో మిగులునవి చెడ్డ కార్లే. ఆ సంగతి గ్రహించిన కొనుగోలుదారు లక్షకు మించి ఇయ్యడు. మోసము చేయవలెనని ఎవరును సంకల్పింపకున్నను మంచి సరకు అంగడి నుండి తొలగిపోయినది. నిన్నటి కొత్త కారు నేడు వెల తగ్గుటకును ఇదియే కారణము: మంచిదైనచో ఇంత త్వరగా ఏల అమ్ముచున్నాడను సందేహము.

ఎకర్లాఫ్ 1967-68లో ఒక సంవత్సరము ఢిల్లీలో పనిచేసినవాడు. ఆయన వ్యాసములో భారతదేశపు ప్రస్తావన పలుచోట్ల కలదు. బజారు బియ్యములో అదే రంగు, అదే ఆకారము గల రాళ్లను కావలెనని కలుపుటయు, ఇల్లాలు వాటిని ఏరుకొనుటయు అందులో ఒక ఉదాహరణము. మన తల్లులు చేటతో చేయు పనినే పాత కారు కొనువాడు చేయవలెను. చేట మాత్రము వేరు.

ఇచట ఒక మాట. మన నగరమున మోటారు మిస్త్రీల భాష సగము ఉర్దూ, సగము తెలుగు, మిగిలినది ఇంగ్లీషు. 1917లో ఏర్పడిన ఉస్మానియా అనువాద సంస్థ, దారుల్ తర్జుమా, భౌతిక, రసాయన, వైద్యశాస్త్రముల పదములకు ఉర్దూలో సమానార్థకములను కూర్చినది గాని, క్లచ్చు తార్నాకలో క్లచ్చుగానే నిలిచినది. అయితే లోపమునకు మాత్రము మన మిస్త్రీ వాడు మాట 'ఐబు'. బండిలో ఐబున్నదా లేదా యని తెలుగువారును అడుగుదురు. ఆ మాట సామాన్యమైనది కాదు. ఇస్లామీయ ధర్మశాస్త్రమున ఒక పూర్తి అధ్యాయమునకు అదియే పేరు: ఖియారుల్ ఐబ్, అనగా లోపము బయటపడినప్పుడు కొనువానికి గల వికల్పము.

పన్నెండవ శతాబ్దిలో అల్ మర్గినానీ రచించిన హిదాయా అను హనఫీ న్యాయగ్రంథమున ఈ విషయము విపులముగా నున్నది. ఐబు అనగానేమి? వర్తకుల వాడుకలో దేనివలన సరకు వెల తగ్గునో అదియే ఐబు. ఇంతకు మించిన నిర్వచనము నేటికిని మాకు కానరాదు. కారుపై గీత ఐబా కాదా యని తర్కింపనక్కరలేదు. దానివలన బజారులో ధర తగ్గినచో ఐబే. అమ్మకమునకు ముందే ఉన్న లోపము తరువాత బయటపడినచో కొనువాడు సరకును పూర్తి ధరకు ఉంచుకొనవచ్చును, లేదా తిరిగి ఇచ్చివేయవచ్చును. సరకును ఉంచుకొని కొంత సొమ్ము తిరిగి అడుగుటకు సాధారణముగా వీలులేదు. లోపము తెలిసిన పిమ్మట కొన్న గుర్రమునెక్కి తన పనిమీద వెళ్లినచో, ఆ లోపమునకు సమ్మతించినట్లే. తిరిగి అప్పగించుటకై ఎక్కి వెళ్లినచో మాత్రము సమ్మతి కాదు. గేరుపెట్టె చెడినదని తెలిసిన తరువాత నెల దినములు కారు నడపి, అప్పుడు అమ్మినవానితో తగవునకు దిగువారు ఈ సూక్ష్మమును ఆలోచింపవలెను. అన్ని లోపములతో సహా అమ్ముచున్నానని ముందే చెప్పి అమ్మినచో హనఫీ మతమున ఆ షరతు చెల్లును. ధాన్యపు రాశిలో చేయిపెట్టి అడుగున తడిని కనుగొని, తడిసినదానిని జనులకు కనబడునట్లు పైన ఏల ఉంచలేదని ప్రవక్త ప్రశ్నించిన వృత్తాంతము హదీసు గ్రంథములు చదివినవారెరిగినదే. రంగు క్రింద లప్పము దాచినవారికిని అదే ప్రశ్న.

నేడు మన దేశమున అమ్మకములకు వర్తించునవి 1872 నాటి ఒప్పందముల చట్టము, 1930 నాటి సరకుల విక్రయ చట్టము. వీటిలో మొదటిదానియందు 17వ సెక్షను మోసమును నిర్వచించుచు, ఉదాహరణములకు గుర్రమునే తీసుకొన్నది. లోపము గల గుర్రమును వేలములో అమ్మువాడు ఊరకున్నచో అది మోసము కాదు. కాని, నీవు కాదనకున్నచో గుర్రము ఆరోగ్యముగా నున్నదని భావింతును అని కొనువాడు చెప్పినప్పుడు అమ్మువాడు మౌనము వహించినచో, ఆ మౌనము మాటతో సమానము. గుర్రమునకు బదులు కారును ఉంచి చూడుడు. అడుగని కొనుగోలుదారునకు చట్టము అంతగా తోడు రాదు. అడిగినవానికి వచ్చును. అయినను 19వ సెక్షనులో ఒక మెలిక కలదు: సాధారణ శ్రద్ధతో నిజము కనుగొను అవకాశము ఉండియు కనుగొననివాడు, కేవలము ఎదుటివాని మౌనమును పట్టుకొని ఒప్పందమును రద్దు చేసుకొనజాలడు. కనుక ప్రశ్న అడుగవలెను, సమాధానమును కాగితముపై వ్రాయించుకొనవలెను, కంటితోను చూడవలెను.

ఆ చూచుట ఎట్లో ఒక నిజ సందర్భము ద్వారా వివరింతుము. మాతో పనిచేయు ఒక ఉపన్యాసకుడు తార్నాకలో నివసించును. జీతము గంటల లెక్కన వచ్చునది. తల్లికి వారమునకు రెండు దినములు పంజగుట్టలోని ఆసుపత్రిలో డయాలిసిస్ జరుగవలెను. 2017 నవంబరు నుండి తార్నాకకు మెట్రో రైలు ఉన్నది. పోవునప్పుడు ఆమె మెట్రోలో పోగలదు గాని వచ్చునప్పుడు నిలువలేదు. తెల్లవారుజామున పిలిచిన క్యాబు రాకపోయిన దినములు కలవు. ఆయన వద్ద ఉన్నది 2,50,000 రూపాయలు. అంతకు మించి పైసా లేదు. మేము నలుగురము, వీధి చివర షెడ్డులోని ఉస్తాదు ఒకరు, ఆయనకు తోడుగా మూడు కార్లు చూచితిమి.

మొదటిది పాత కార్ల వ్యాపారి ఒకనివద్ద ఉన్న చిన్న పెట్రోలు బండి. తొమ్మిదేండ్ల వయస్సు, అద్దము వంటి రంగు, ధర 2,20,000. ఉస్తాదు ముందుగా బానెట్టుపై చేయి ఉంచెను. వేడిగా నున్నది! మేము వచ్చుటకు ముందే ఇంజను నడిపి యుంచినారు. చల్లని ఇంజను మొదటిసారి లేచునప్పుడు వచ్చు శబ్దము, పొగ, వణుకు దాని ఆరోగ్యమును చెప్పును. వేడెక్కిన ఇంజను మర్యాదగా ప్రవర్తించును. పిమ్మట ఆయన జేబులోనుండి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతము తీసి తలుపులపై జరుపసాగెను. కుడి తలుపునకు అంటుకొన్నది. ఎడమ తలుపు క్రింది భాగమున జారిపోయినది. రేకు ఉన్నచోట అంటును, మందముగా లప్పము ఉన్నచోట అంటదు. బానెట్టు బోల్టుల తలలపై స్పానరు గాయములు, తలుపు రబ్బరు అంచున రంగు తుంపరలు. ఇంతవరకు చిన్న ప్రమాదము జరిగి యుండునని మా ఊహ.

ఉస్తాదు సీటుబెల్టును చివరంట లాగెను. కడగొట్టు మూరెడు పట్టీపై మట్టిగీత. వెనుక డిక్కీలో అదనపు చక్రము తీసి చూడగా దాని గుంటలో ఎండిన సన్నని ఒండ్రు. సీటు క్రింది ఇనుప పట్టాలు తుప్పు. కారులో అత్తరు సీసా ఏల వ్రేలాడదీసిరో అప్పుడు తెలిసినది.

"సార్, దీనికి ఇంజన్ల ఐబు కాదు, ఒళ్లంత ఐబుంది. నీళ్లల్ల మునిగిన బండి" అని ఆయన మెల్లగా చెప్పెను.

2020 అక్టోబరు 13, 14 తేదీల వానలను మన ప్రాంతమువారు మరువలేరు. హబ్సిగూడ, రామంతాపూరు వీధులలో కార్లు నీటిలో తేలినవి. నీటిలో మునిగిన కారును ఆరబెట్టినంత మాత్రమున తీరదు. ఇంజనులోనికి నీరు చేరినప్పుడు తాళము త్రిప్పినచో, గాలివలె నీరు అణగదు గనుక పిస్టను ఎదురుదెబ్బ తిని కనెక్టింగు రాడ్డు వంగును. అది బాగుచేయవచ్చును. కాని నేటి కారు తీగెల వ్యవస్థ, దాని మెదడనదగిన ఎలక్ట్రానిక్ పెట్టె, వందలాది చిన్న కలపులు తడిసి, నెలల తరువాత ఒక్కొక్కటిగా పచ్చని చిలుము పట్టును. ఒక దినము దీపము వెలుగదు, మరియొక దినము ఇంజను లేవదు. రోగిని తీసుకొని తెల్లవారుజామున బయలుదేరువానికి ఇట్టి కారు ఉచితముగా వచ్చినను వలదు. వ్యాపారిని అడుగగా తనకేమియు తెలియదనెను. మేము నమస్కరించి వచ్చితిమి.

రెండవది ఢిల్లీలో నమోదైన డీజిలు కారు. పెద్దది, సొగసైనది, ఎనిమిదేండ్లది. ధర 1,90,000 మాత్రమే! ఇంత తక్కువకు కారణము రహస్యము కాదు. పదేండ్లు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీలో తిరుగరాదని 2015లో జాతీయ హరిత న్యాయాధికరణము ఉత్తర్వు ఇచ్చినది. ఆ గడువు సమీపించిన బండ్లు దక్షిణమునకు వలస రాసాగినవి. వానియందు ఐబు ఉండితీరునని మేము అనము. కాని లెక్క వేరు. ఢిల్లీ అధికారుల నిరాక్షేపణ పత్రము కావలెను, ఇచట మరల నమోదు కావలెను, తెలంగాణ జీవితకాల పన్ను కట్టవలెను. పైగా డీజిలు ఇంజనులోని ఇంజక్టర్లు, టర్బో చెడినచో ఒక్కదెబ్బకు అయ్యెడి వ్యయము ఆయన మూడు నెలల జీతమునకు మించును. చవకగా వచ్చిన ఏనుగు, మేత చవక కాదు.

మూడవది తార్నాకలోనే ఒక పదవీ విరమణ చేసిన పెద్దమనిషి కారు. పదేండ్ల చిన్న పెట్రోలు బండి. ఎడమ రెక్కపై గీతలు, బంపరు మూల సొట్ట, రంగు వెలసినది. మీటరుపై 78,000 కిలోమీటర్లు. మీటరు అంకెలను వెనుకకు త్రిప్పుట బజారులో కొత్త విద్య కాదు గనుక, ఆ అంకెను నమ్ముటకు ముందు పెడళ్ల రబ్బరు, స్టీరింగు అరుగుదల, సర్వీసు కాగితములపై తేదీలు సరిచూడవలెను. ఇచట కాగితములన్నియు ఒక ఫైలులో వరుసగా నున్నవి. అద్దములన్నిటిపై తయారీ సంవత్సరపు గుర్తు ఒక్కటే. అనగా ఏ అద్దమును పగిలి మారలేదు. టైర్ల ప్రక్కన చెక్కిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. వాటినిబట్టి నాలుగు టైర్లకును ఏడేండ్లు నిండినవి.

చల్లని ఇంజను ఒక్క త్రిప్పుకే లేచినది. పొగగొట్టము వద్ద మేము నిలిచితిమి. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనె త్రాగుచున్నదనియు, తెల్లపొగ ఎంతకును ఆగకున్నచో చల్లబరచు నీరు సిలిండరులోనికి చేరుచున్నదనియు, నల్లపొగ వచ్చినచో పెట్రోలు ఎక్కువగా కాలుచున్నదనియు గ్రహింపవలెను. ఇచట తొలుత చలివలన కొంచెము ఆవిరి, తరువాత ఏమియు లేదు. నూనె పోయు మూత విప్పి చూడగా దాని అడుగున పాలమీగడ వంటి పదార్థము లేదు. ఉన్నచో నూనెలో నీరు కలిసినట్లే.

పిమ్మట విశ్వవిద్యాలయ ఆవరణ. పాత కారును పరీక్షించుటకు మన నగరమున ఇంతకంటె అనువైన చోటు లేదని మా అభిప్రాయము. తార్నాక వైపు నుండి ప్రవేశించి, 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్సు కళాశాల రాతి భవనము ముందుగా సాగు రహదారిపై వేగనిరోధకములు కావలసినన్ని ఉన్నవి. అద్దములు దించి, రేడియో ఆపి, ఒక్కొక్క దిబ్బపై నెమ్మదిగా ఎక్కి దిగవలెను. ఠక్కుమని శబ్దము వచ్చినచో బుష్షులో, బాల్ జాయింటో అరిగినది. ఖాళీ స్థలమున స్టీరింగును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పి వలయముగా నడుపునప్పుడు టకటకమని వరుసగా వినబడినచో చక్రమునకు శక్తినిచ్చు ఇరుసు కీలు పోయినది. వెనుక వాహనములు లేనప్పుడు స్టీరింగును తేలికగా పట్టి బ్రేకు వేసి కారు ఏ ప్రక్కకు లాగునో చూడవలెను. చివరగా క్లచ్చు: హాండుబ్రేకు గట్టిగా వేసి, మూడవ గేరులో క్లచ్చును మెల్లగా వదలినచో ఇంజను ఆగిపోవలెను. ఈ కారు వెంటనే ఆగలేదు, గురగురమనుచు కొంతసేపు తిరిగినది. క్లచ్చు ప్లేటు అరిగినదన్నమాట.

తిరిగివచ్చి ఆ పెద్దమనిషితో మా మిత్రుడు ఒప్పందముల చట్టపు గుర్రమును మనసున ఉంచుకొని అడిగెను: "అయ్యగారూ, మేము చూచినవి క్లచ్చు, టైర్లు. ఇవి తప్ప మీకు తెలిసిన లోపము మరేమియు లేదని అనుకొందునా?" ఆయన కొంచెమాగి, ఏసీ గ్యాసు రెండు నెలలకొకసారి తగ్గిపోవుచున్నదని చెప్పెను. అడుగకున్నచో చెప్పియుండునో లేదో మేము ఊహింపము. ఆయన చెప్పిన 2,15,000 మీద బేరము 1,88,000కు కుదిరినది.

ఇక లెక్క. కారు ధర 1,88,000; క్లచ్చు 8,500; నాలుగు టైర్లు 15,000; ఏసీ పని 5,000; నూనె, బెల్టులు, వడపోతలు మొదలైనవి 6,000; ఇన్సూరెన్సు, యాజమాన్యపు మార్పు 9,500. మొత్తము 2,32,000. మీటరుపై అంటించిన ధర ఒకటి, కారును నమ్మకముగా నడుపుటకు అయ్యెడి ధర మరియొకటి. రెండవదానినే కారు ధరగా భావింపవలెను. ఇంకను 18,000 చేతిలో మిగిలినది. అది మిగులకున్నచో ఈ కారును కూడ కొనవలదనియే మేము చెప్పియుందుము, ఏలయనగా పాత కారు మొదటి ఆరు నెలలలో ఏదో ఒకటి అడుగకమానదు.

సొంత కారునకు పదునైదేండ్లు నిండువరకు నమోదు చెల్లును. పిమ్మట పరీక్షింపించి అయిదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి కారుకు 600 రూపాయల నుండి 5,000కు పెరిగినది. కావున ఈ కారునకు నిశ్చింతగా మిగిలినది అయిదేండ్లు. చివర 60,000 వచ్చుననుకొన్నచో, మిగిలిన 1,72,000ను అరువది నెలలకు పంచగా నెలకు సుమారు 2,870. ఆసుపత్రికి నెలకు పదునారు ప్రయాణములు, సుమారు 200 కిలోమీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన పెట్రోలు 1,450. మరమ్మతులు, ఇన్సూరెన్సుకు 1,500. మొత్తము 5,820. క్యాబుకు ప్రయాణమునకు 350 చొప్పున 5,600. అనగా కారు కొన్నందువలన ఆయనకు డబ్బు మిగులదు! ఈ సంగతిని మేము ఆయనకు దాచలేదు. ఆయన లెక్క చూచి, నెలకు రెండువందలు ఎక్కువైనను తెల్లవారుజామున వీధిలో తల్లిని నిలబెట్టనక్కరలేదు గదా యనెను. ఆ నిర్ణయము లెక్క తెలిసి చేసినది. విద్యార్థులు హోదాకై కారు కొనునప్పుడు కూడ ఈ లెక్కను ఒకసారి వేసికొనవలెనని మా విన్నపము.

కాగితముల సంగతి చాలమంది తేలికగా తీసుకొందురు. అచటనే పెద్ద ప్రమాదము పొంచియుండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము అదే రాష్ట్రములో అమ్మినవాడు పదునాలుగు దినములలో, కొన్నవాడు ముప్పది దినములలో రవాణా అధికారులకు తెలుపవలెను. 29, 30 నంబరు ఫారములు ఇందులకే. కారుపై అప్పు ఉండి తీరినచో, అప్పిచ్చిన సంస్థ సంతకముతో 35వ నంబరు ఫారము కూడ కావలెను. మన ఊరిలో అమ్మువాడు ఖాళీ ఫారములపై సంతకము చేసి దలాలు చేతికిచ్చి నిద్రపోవును. 2018 ఫిబ్రవరి 6న సుప్రీం కోర్టు తీర్పు చెప్పిన ఒక వ్యాజ్యములో కారు అమ్ముడై, చేతులు మారి మారి, తుదకు ప్రమాదము చేసినది. రికార్డులో మాత్రము మొదటి యజమాని పేరే ఉన్నది. నష్టపరిహారపు బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదేనని న్యాయస్థానము నిర్ణయించినది. ఈ చిక్కు వలననే 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనలు, అధికారము పొందిన పాత కార్ల వ్యాపారి బండిని తీసుకొనునప్పుడు ఆ సంగతి తెలుపుటకును, తన వద్దనున్నంతకాలము బాధ్యత వహించుటకును ఏర్పాటు చేసినవి.

కొన్నవానికిని ఒక సూక్ష్మము కలదు. కారు చేతులు మారినప్పుడు, ఎదుటివారికి కలిగిన హానికి సంబంధించిన బీమా చట్టము వలన దానంతటదే కొత్త యజమానికి సంక్రమించును. సొంత కారుకు కలిగిన నష్టపు బీమా అట్లు సంక్రమింపదని 1996లోనే సుప్రీం కోర్టు చెప్పినది. పాలసీ తన పేరుకు మార్చుకొననివాని కారు దొంగిలింపబడినచో అడుగుటకు చోటుండదు. చాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను నమోదు పత్రముతో అంకె అంకెకు సరిచూడవలెను. చెల్లింపని చలాన్లు ఎన్ని ఉన్నవో కూడ కొనుటకు ముందే విచారింపవలెను.

కొన్న తరువాతి ప్రశ్న మరమ్మతు. విశ్వవిద్యాలయమునకు దగ్గరలో నివసించు మరియొక పరిచితుని పాత కారుకు ఒక్క సంవత్సరములో 40,000 వ్యయమైనది. ఇప్పుడు ఇంజను విప్పి బోరు చేయుటకు 55,000 కావలెనని షెడ్డువారు చెప్పిరి. ఇంత పెట్టితిమి, ఇప్పుడు వదలుటెట్లు అని ఆయన వాదము. అర్థశాస్త్రము ఈ వాదమును అంగీకరింపదు. పోయిన 40,000 ఏ దారిన వెళ్లినను తిరిగిరాదు. దానిని లెక్కలోనికి తీసుకొనరాదు. చూడవలసినది ముందున్నది మాత్రమే. ఉన్నది ఉన్నట్లు అమ్మినచో 70,000 వచ్చును. బాగుచేయించి అమ్మినచో 1,10,000. అనగా 55,000 పెట్టి 40,000 పెంచుట. అమ్మదలచినవానికి అది నష్టము. కాని మరి నాలుగేండ్లు తానే నడుపదలచినచో లెక్క మారును. దీనిని వదలినచో లక్షా ఎనుబది వేలు పెట్టి తెలియని ఐబులు గల మరియొక బండిని కొనవలెను. తెలిసిన కారులోని తెలిసిన లోపమునకు ఒక విలువ కలదు. ఎకర్లాఫ్ చెప్పిన అంగడిలో కొరతగా నున్నది ఆ తెలివిడియే గదా. ఆయన బోరు చేయించినాడు. మేమును అందులకే సలహా ఇచ్చితిమి.

మా ఉపన్యాస మిత్రుడు ఉస్తాదు చెప్పగా ఒక చిన్న నోటుపుస్తకము కారులో ఉంచినాడు. తేదీ, మీటరు అంకె, చేయించిన పని, అయిన సొమ్ము అందులో వ్రాయును. ఎప్పుడో ఈ కారు అమ్మునప్పుడు ఆ పుస్తకమును కూడ కొనువానికి ఇచ్చునట. మొన్న మేము చూచినప్పుడు అందులో చివరి పంక్తి: 84,310 కిలోమీటర్లు, ముందు బ్రేకు ప్యాడ్లు, ఎడమ బాల్ జాయింటు, 3,200 రూపాయలు.